వేషానికీ ఒక రోజుంది: గంగ జాతరపై పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ఎండలు ముదిరి తిరుపతి గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మ జాతర దగ్గరపడే కొద్దీ ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో వేషాల సంగతే ఎక్కువగా ఉంటుంది. అందుచేత ఈ సంచికలో ఇతర ప్రశ్నలను పక్కన పెట్టి, వేషం వేసుకుని వీధిలోకి వెళ్లే రోజు గురించి అడిగినవారికే చోటిస్తున్నాము. ఒకే సంగతిని అడిగిన ఉత్తరాలను కలిపి ఒకటిగా కుదించాము. రాసినవారి పేర్లు వేయలేదు.

ప్రశ్న: మావారి ఉద్యోగం కోసం గుంటూరు నుంచి తిరుపతికి వచ్చి కొర్లగుంటలో ఉంటున్నాము. నిరుడు మా తొమ్మిదేళ్ల అబ్బాయికి జ్వరం పట్టుకుని ఎంతకీ వదలనప్పుడు, మా ఇంటివారి అవ్వ గంగమ్మకు వేషం మొక్కుకోమన్నారు. ఆసుపత్రిలో చూపిస్తూనే మొక్కుకున్నాము. పిల్లవాడు కోలుకున్నాడు. ఏ రోజు ఏ వేషం వేయించాలి, ఆ రోజు ఎలా గడుస్తుంది అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా చెబుతున్నారు.
— ఒక తల్లి, తిరుపతి

జవాబు: అమ్మా, ముందుగా మీరు మొక్కుకున్నది ఏమిటో గుర్తు చేసుకోండి. ఫలానా వేషం అని నోటితో అనుకుని ఉంటే ఆ రోజునే ఆ వేషమే వేయించడం ఇక్కడి పద్ధతి. ఊరికే ‘వేషం వేయిస్తాను తల్లీ’ అని మాత్రమే అనుకుని ఉంటే పిల్లవాడి వయసునూ ఒంటి తీరునూ బట్టి మీరే ఎంచుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. జాతర మే నెలలో, ఒక మంగళవారం అర్ధరాత్రి చాటింపుతో మొదలవుతుంది. మరునాడు బుధవారం బైరాగి వేషం, గురువారం బండ వేషం, శుక్రవారం తోటి వేషం, శనివారం దొర వేషం, ఆదివారం మాతంగి వేషం, సోమవారం సున్నపుకుండలు, ఆపై మంగళవారం అసలు జాతర. బుధవారం తెల్లవారుజామున అమ్మవారి మట్టి విశ్వరూప దర్శనంతో, ఆ మట్టి రూపం చెంప నరకడంతో ముగింపు.

ఈ వరుస వెనుక ఉన్న కథ తెలిస్తే ఏ వేషం ఎందుకో మీకే అర్థమవుతుంది. తిరుపతి పక్కనున్న అవిలాలలో పుట్టిన గంగమ్మను కైకాల కుటుంబం పెంచిందని చెబుతారు. ఆడవారిని చెరపట్టే పాలెగాడు ఒకడు ఆమె మీద కూడా చేయి వేయబోగా, ఆమె తన విశ్వరూపం చూపింది. వాడు ప్రాణభయంతో పారిపోయి దాక్కున్నాడు. వాడిని వెతకడానికి ఆమె రోజుకొక వేషంలో ఊరంతా తిరిగింది. బైరాగిగా, బండగా, తోటిగా తిరిగినా బయటపడని పాలెగాడు, ఎవరో దొర వచ్చాడని విని దండం పెట్టడానికి బయటికి వచ్చి ఆమె చేతిలో తల పోగొట్టుకున్నాడు. కథ చెప్పేవారిని బట్టి వివరాలు మారుతాయి గాని, ఈ వరుస మాత్రం అందరిదీ ఒకటే. అందువలన పిల్లవాడికి శనివారం బైరాగి వేషం వేసి తీసుకెళ్తే ఎవరూ కాదనరు కాని, ఆ రోజుకు ఆ వేషం కుదరదు.

తొమ్మిదేళ్ల వాడికి నన్నడిగితే బైరాగి వేషమే అనువైనది. ఒంటినిండా నామకొమ్ము కలిపిన నీళ్లు పూస్తారు. అది తెల్లమట్టి, ఆరిపోతే చల్లగానే ఉంటుంది, స్నానం చేస్తే వదిలిపోతుంది. నడుముకు, మెడకు రెల్లకాయల దండలు కడతారు. పచ్చటి పూలు గుత్తులుగా వేలాడే రేల చెట్టు కాయలే ఇవి. మూరెడు పొడవున నల్లగా గొట్టాల్లా ఉండి, నడుస్తుంటే ఒకదానికొకటి తగిలి గలగలమంటాయి. వాటి గుజ్జు విరేచనకారి కనుక పిల్లవాడు ఆటగా కొరకకుండా చూసుకోండి. చేతికి వేపమండ ఇవ్వండి.

ఇక రోజు గడిచే తీరు. పిల్లవాడికి పొద్దున్నే తలస్నానం చేయించి, ఇంటి దేవుడి ముందు నిలబెట్టి, తర్వాతనే పూత మొదలు పెట్టండి. పూసేది తండ్రి అయినా మేనమామ అయినా సరే, ఇంటివారే పూయడం బాగుంటుంది. ఈమధ్య గుడి దగ్గర డబ్బు తీసుకుని పూసేవారు కూడా ఉన్నారు, తొందరలో ఉన్నవారికి అదొక సౌకర్యం. పూత ఆరాక చెప్పులు లేకుండా బయలుదేరుతారు. ఇక్కడే కొత్తవారు ఇబ్బంది పడతారు: మే నెలలో తిరుపతి తారురోడ్డు పది గంటలకే అరికాళ్లను కాల్చేస్తుంది. కాబట్టి ఎనిమిది లోపల గుడికి చేరేలా చూసుకోండి, లేదా సాయంత్రం ఐదు దాటాక వెళ్లండి. పెద్దవాళ్లు మధ్యాహ్నం నడిస్తే అది వారి మొక్కు. పిల్లవాడి కాళ్లతో మీరు తపస్సు చేయించనక్కరలేదు.

దారిలో డప్పులు వినిపించగానే పిల్లలకు అడుగు ఆగదు, ఆడనివ్వండి. వేశాలమ్మ గుడి దగ్గర ఆగి, అక్కడి నుంచి తాతయ్యగుంటకు చేరుకుంటారు. వరుసలో నిలబడేటప్పుడు నామకొమ్ము వేసుకున్నవారందరూ ఒకేలా కనబడతారు కనుక పిల్లవాడి మణికట్టుకు మీ ఫోను నంబరు రాసిన కాగితాన్ని దారంతో కట్టండి. గుడిలో దండలు తీసి అమ్మవారికి అప్పగించాక వేషం పూర్తయినట్టే. ఇంటికి వచ్చి స్నానం చేయించి, రాగి అంబలి తాగించి నిద్రపుచ్చండి. ఫోటో కావాలంటే బయలుదేరే ముందే తీసుకోండి. మొక్కు తీరాక కూడా ఆ పూతతోనే హోటలుకూ సినిమాకూ తిప్పడం నాకు అంత నచ్చదు.

ప్రశ్న: నాకు ఇరవై రెండేళ్లు. మా అన్న, బావలు, వీధిలోని మగపిల్లలు అందరూ జాతరకు చీర కట్టి, జడ వేసుకుని, నగలు పెట్టుకుని మాకంటే అందంగా తయారై వెళ్తారు. మేము ఇంట్లో పొంగలి వండుతూ కూర్చోవాలి. అమ్మవారు ఆడది, ఆమె వేసిన వేషాలు మాత్రం మగవాళ్లవా? ఆడపిల్లలు వేషం వేయకూడదా?
— డిగ్రీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: మీ ప్రశ్నలో ఉన్న చురుకు న్యాయమైనదే. ముందుగా వాస్తవం చెబుతాను. చిన్న ఆడపిల్లలకు వేషం వేయించే ఇళ్లు ఇక్కడ చాలానే ఉన్నాయి. మొక్కున్న పెద్ద ఆడవారు కూడా బండ వేషంనాడు ముఖానికి, చేతులకు కుంకుమ పూసుకుని రావడం కనిపిస్తుంది. అయితే వేషాలలో అత్యధికం మగవారివే, అందులోనూ చివరి రోజుల్లో కనిపించే ఆడవేషం పూర్తిగా వారిదే.

అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలిగా పనిచేసిన జాయిస్ ఫ్లూకిగర్ తిరుపతిలో ఉండి ఈ జాతరను, ఇక్కడి ఆడవారి మాటలను ఏళ్ల తరబడి గమనించి రాసిన విషయం మీకు పనికివస్తుంది. అమ్మవారి ఉగ్రరూపాన్ని భరించగలగాలంటే మగవాడు ఆడరూపం ధరించాలని, ఆడవారికి ఆ శక్తి పుట్టుకతోనే ఉంది కనుక వారికి ప్రత్యేకంగా వేషం అక్కరలేదని, ఆడవారు ముఖానికి పసుపు పూసుకోవడమే అమ్మవారితో ఆ దగ్గరతనానికి గుర్తని ఆమె వాదించారు. పాలెగాడి కథతో కలిపి చూస్తే ఈ మాటకు బలం ఉంది. ఆడవారిని వేటాడిన మగవాడి ఊరిలో, ఏడాదికొకసారి మగవారే చీర కట్టి వీధిలో నడవడం, గంభీరంగా మీసం తిప్పే మామ ఆ పూట కొంగు సర్దుకుంటూ, పరాయివాళ్ల చూపులకు తట్టుకుంటూ గుడి దాకా వెళ్లడం చిన్న విషయం కాదు. చీర కట్టి ఎండలో రెండు మైళ్లు నడిచి వచ్చిన మీ అన్నను, ఆ చీరతో మీరు రోజూ బస్సెక్కడం ఎలా ఉంటుందో ఒకసారి అడిగి చూడండి.

అయితే ఈ వాదన మీ ఫిర్యాదుకు పూర్తి సమాధానం కాదు. పుట్టుకతోనే శక్తి ఉన్నవారు కాబట్టి పొంగలి కుండ దగ్గర కూర్చోవాలని ఎక్కడా లేదు. మంగళవారం జాతరనాడు గోపురాల్లాంటి సప్పరాలు మోసేవారిలో, చుట్టూ కన్నాలున్న వేయికళ్ల దుత్తలనే కుండలు తలకెత్తుకునేవారిలో, గుడి ముందు పొంగళ్లు పెట్టేవారిలో మీరూ ఉండవచ్చు. మీకు వేషమే కావాలనిపిస్తే మీ ఇంట్లో పెద్దవారితో చెప్పి మొక్కుకోండి. మొక్కిన ఆడపిల్లను గుడి వాకిట్లో ఆపిన సంగతి నేను వినలేదు. అమ్మవారి వరుస వేషాలు మాత్రం, అంటే కథను నడిపే దొర, మాతంగి, సున్నపుకుండలు, పేరంటాలు, కైకాల వంశీకుల హక్కు. వాటిని మీ అన్న కూడా వేయలేడు.

ప్రశ్న: బండ వేషం రోజున కుర్రవాళ్లు గుంపులుగా బూతులు తిడుతూ పోతారు. ఆచారమని ఊరుకోవాలా? నిరుడు బస్టాండు దగ్గర ఒక గుంపు నా కూతురిని, నన్ను చుట్టుముట్టి తిట్టింది. వారిలో ఒకరిద్దరు తాగి ఉన్నారు.
— ఉపాధ్యాయురాలు, చంద్రగిరి

జవాబు: ఆచారం ఒకటి, మీకు జరిగింది ఇంకొకటి. వీటిని విడదీసి చెబుతాను.

దాక్కున్న పాలెగాడిని రెచ్చగొట్టి బయటికి లాగడానికి గంగమ్మ బండగా మారి తిట్టిందని కథ. ఆ రోజున భక్తులు ఒంటినిండా కుంకుమ పూసుకుని, పూలదండలు వేసుకుని, నోటికి వచ్చినట్లు తిడుతూ వచ్చి అమ్మవారిని దర్శించుకుంటారు. అమ్మవారిని తిట్టినా ఆమె కోపగించదని, పైపెచ్చు దీవిస్తుందని నమ్మకం. పల్లెల్లో చాలా జాతరలకు ఇలాంటి తిట్ల పూట ఉంది. ఏడాదంతా నోరు కట్టుకున్న మనిషికి ఒక్క పూట విడుపు దొరుకుతుంది. ఇది నాగరికం కాదని విసుక్కునేవారిలో నేను లేను.

కాని ఆ తిట్టుకు చిరునామా ఉంది. అది పాలెగాడికి, మహా అయితే తల్లికి. దారిన పోతున్న ఆడమనిషిని చుట్టుముట్టి తిట్టినవాడు కథలో ఎవరి పక్షాన ఉన్నట్టో వాడికి తెలియకపోవచ్చు కాని, మీకూ నాకూ తెలుసు. పాలెగాడు చేసిన పనినే కుంకుమ పూసుకుని చేస్తే అది బండ వేషం కాదు, ఆడవారిని వేధించడమే. దానికి పోలీసు ఫిర్యాదు ఉంది, జాతర వారంలో గుడి చుట్టుపక్కల పోలీసు బందోబస్తు కూడా గట్టిగానే ఉంటుంది. ‘జాతర కదా మేడమ్’ అని ఎవరైనా నచ్చజెప్పబోతే, మొక్కు చెల్లించడానికి గుడి దారి పట్టినవాడు బస్టాండులో మీ చుట్టూ ఎందుకు చేరాడని అడగండి. ఇంటిలోని కుర్రవాళ్లకు వేషం వేసే పెద్దలు ఈ తేడాను పూత పూస్తున్నప్పుడే చెప్పాలి, ఆ తర్వాత వినే స్థితిలో వాళ్లు ఉండరు.

ఇదే సందర్భంలో ఇంకొక మాట. తోటి వేషంనాడు ఒంటికి బొగ్గుపొడి పూసుకుని, వేపాకు కట్టుకుని వెళ్తారు. తోటి అంటే ఊరికి వెట్టి చేసి బతికిన గ్రామసేవకుడు. ఆ పని చేసిన కుటుంబాలవారు నేటికీ మన మధ్యనే ఉన్నారు. అమ్మవారు ఆ రూపం ధరించింది గౌరవంగానే. నల్లరంగు పూసుకున్నాము కదా అని వారి యాసను, నడకను వెక్కిరిస్తూ వీడియోలు తీసుకునేవారు ఆ రోజును పాడుచేస్తున్నారు.

ప్రశ్న: మాది చిత్తూరు. నేను జర్మనీలోని కొలోన్ నగరంలో ఎమ్మెస్ చదువుతున్నాను. ఇక్కడ ఫిబ్రవరిలో కార్నివాల్ ఊరేగింపుల రోజున ఊరంతా వేషాలు వేసుకుని వీధుల్లోనే ఉంటుందట. స్నేహితులు నన్ను మా ఊరి వేషం వేయమంటున్నారు. గంగమ్మ జాతర వేషం అక్కడ వేయవచ్చా? లేకపోతే ఏం వేసుకోవాలి?
— విద్యార్థి

జవాబు: బాబూ, నువ్వు ఉన్న ఊరి పండుగను ముందు పూర్తిగా తెలుసుకో, తర్వాత మన వేషం సంగతి చూద్దాం. కొలోన్‌లో కార్నివాల్ కాలం నవంబరు 11న ఉదయం 11 గంటల 11 నిమిషాలకు మొదలవుతుంది. అసలు వీధి పండుగ మాత్రం క్రైస్తవుల ఉపవాస కాలానికి ముందున్న గురువారం నుంచి. ఆ గురువారం ఆడవారిది. మగవారి టైలను కత్తెరతో కత్తిరించి పడేస్తారు, కాబట్టి ఖరీదైన టై కట్టుకుని బయటికి వెళ్లవద్దు. సోమవారం నాడు జరిగేది పెద్ద ఊరేగింపు, దాన్ని రోజెన్‌మోంటాగ్ అంటారు. 1823లో మొదటిసారి ఒక కమిటీ దాన్ని క్రమపద్ధతిలో నడిపింది. అంటే రెండు వందల ఏళ్లు దాటిన ఏర్పాటు. రాజకీయ నాయకులను వెక్కిరించే పెద్ద పెద్ద బొమ్మల బండ్లు, బ్యాండు మేళాలు, పాత నగర సైనికులను అనుకరించే దళాలు గంటల తరబడి సాగిపోతాయి. బండ్ల మీది నుంచి మిఠాయిలు, చాక్లెట్లు, పూలగుత్తులు విసురుతారు. ‘కమెల్లె!’ అని అరిస్తే మిఠాయి నీ వైపు వస్తుంది. అనుభవమున్నవారు గొడుగును తలకిందులుగా పట్టుకుంటారు. అక్కడి కేక ‘అలాఫ్’. పక్కనున్న డ్యుసెల్‌డార్ఫ్‌లో ‘హెలావ్’ అంటారు, కొలోన్ వీధిలో పొరపాటున ఆ మాట అన్నావంటే నవ్వులపాలవుతావు.

నీకు ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. ఏటా ఆ పండుగకు ముగ్గురు పెద్దలను ఎన్నుకుంటారు: యువరాజు, రైతు, కన్య. ఈ కన్య వేషం సంప్రదాయంగా మగవాడిదే. నాజీల కాలంలో 1938, 1939 సంవత్సరాలలో మాత్రం మగవాడు ఆడవేషం వేయడం నచ్చక పాలకులు ఆడవారితో వేయించారు. యుద్ధం ముగిశాక పాత పద్ధతే తిరిగి వచ్చింది. ముగింపు కూడా మన చెంప నరకడానికి కొంచెం దగ్గరగా ఉంటుంది. ఊరి పాపాలన్నింటినీ నుబ్బెల్ అనే గడ్డిబొమ్మ నెత్తిన రుద్ది, మంగళవారం రాత్రి దాన్ని తగలబెట్టి, బుధవారం నుంచి ఎవరి పనిలో వారు పడతారు. వేషానికి మొదలూ చివరా గడియతో సహా నిర్ణయించడంలో ఆ ఊరూ తిరుపతీ ఒకటే.

ఇక నీ వేషం. బైరాగి, తోటి వేషాలు ఒట్టి ఒంటికి పూత పూసుకునేవి. ఫిబ్రవరి చలిలో అలా రెండు గంటలు నిలబడితే పండుగ ఆసుపత్రిలో ముగుస్తుంది. అది అటుంచితే, ఈ వేషాలు మొక్కుతో మొదలై గుడిలో ముగుస్తాయి. అక్కడ గుడి లేదు, మొక్కు లేదు, బీరు గ్లాసు మాత్రం చేతికి తప్పకుండా వస్తుంది. అమ్మవారి పేరున వేసిన వేషంతో ఆ గ్లాసు పట్టుకున్న నీ ఫోటోను చిత్తూరులో మీ అమ్మగారు చూస్తారని గుర్తుంచుకో. సరదాకు చీర కట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. కొలోన్ వీధిలో చీర కట్టిన మగవాడిని ఎవరూ వింతగా చూడరు. వేపమండ, నిమ్మకాయల దండ, గంగమ్మ పేరు, ఈ మూడూ మాత్రం ఇంటి దగ్గరే వదిలెయ్యి.

నా సలహా అడిగితే, రంగురంగుల గుడ్డ పేలికలు కుట్టిన విదూషకుడి కోటు అక్కడ చవకగా దొరుకుతుంది, లోపల రెండు స్వెట్టర్లు పడతాయి. అది వేసుకో. ఇతర దేశాల ప్రజలను, జాతులను అనుకరించే వేషాలపై అక్కడ కూడా ఇప్పుడు విమర్శ బాగా పెరిగింది, వాటి జోలికి పోవద్దు. సెలవులు కుదిరితే మే నెలలో ఇంటికి వచ్చి మన వేషం మన ఊరిలో వెయ్యి.

ప్రశ్న: కుంకుమ, గంధం, బొగ్గు, సున్నం — ఇవన్నీ ఒంటికి పట్టించుకుంటే చర్మానికి ఏమీ కాదా? మా తమ్ముడికి నిరుడు వారం రోజులు దద్దుర్లు తగ్గలేదు.
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: నామకొమ్ము, గంధం సాధారణంగా ఇబ్బంది పెట్టవు. బొగ్గుపొడిని కొబ్బరినూనెతో కలిపితే చర్మాన్ని గీరదు, కడుక్కోవడం మాత్రం కష్టం. కుంకుమతోనే జాగ్రత్త. పసుపును సున్నంతో కలిపి చేసిన పాతకాలపు కుంకుమ వేరు, బజారులో కిలోల లెక్కన అమ్మే కృత్రిమ రంగు పొడి వేరు. మీ తమ్ముడికి దద్దుర్లు తెప్పించింది ఈ రెండోదే అయి ఉండవచ్చు. ముందురోజే మోచేతి లోపలివైపు కొంచెం రాసి చూసుకోండి, ఒళ్లంతా నూనె పట్టించిన తర్వాతే పూయండి. సున్నపు చుక్కలు పెట్టుకునేవారు తడిసున్నం చర్మాన్ని కాలుస్తుందని మరువవద్దు. కంటి దగ్గర ఎంతమాత్రం పెట్టవద్దు. పిల్లలకైతే సున్నానికి బదులు నామకొమ్ము చుక్కలు పెడితే సరిపోతుంది. కంట్లో సున్నం పడితే రుద్దకుండా పదిహేను నిమిషాల పాటు ధారగా నీళ్లు పోసి కడిగి, వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: హైదరాబాదులో ఉన్న మా చెల్లెలి కుటుంబం వేషాలు చూడాలని, అలాగే కొండకు కూడా వెళ్లాలని వస్తున్నది. చాటింపు తర్వాత పొలిమేర దాటకూడదంటారు. వారు ఏ రోజు రావాలి?
— గృహిణి, తిరుపతి

జవాబు: చాటింపు వేశాక ఊరివారు పొలిమేర దాటి వెళ్లి రాత్రి వేరేచోట ఉండకూడదని, బయటివారు వచ్చి ఊళ్లో నిద్ర చేయకూడదని పాత కట్టడి. నిత్యం యాత్రికులు వచ్చిపోయే ఊరిలో దాన్ని అక్షరాలా పాటించేవారు తక్కువే. అయినా కొన్ని ఇళ్లలో పట్టింపు ఉంది, మీ అత్తగారిని ఒక మాట అడిగి నిర్ణయించుకోండి. పట్టింపు ఉంటే వారు చాటింపుకు ముందే వచ్చి ముగింపు దాకా ఉండిపోవచ్చు, లేదా పగలు చూసి రాత్రికి వెళ్లిపోవచ్చు.

ఒక్క రోజే వీలైతే శనివారం రమ్మనండి. కైకాల వంశీకులు దొర వేషంలో మంత్రిని వెంటబెట్టుకుని వీధుల్లో తిరుగుతారు. ఇంటింటి ముందు ఆడవారు కాళ్లకు నీళ్లు పోసి హారతి ఇస్తారు. ఆ మీదట పాలెగాడి వధ. అన్ని వేషాలను, ముఖ్యంగా ఆడవేషాలను, గుంపుగా చూడాలనుకుంటే మంగళవారం. కాని చిన్నపిల్లలతో ఆ రద్దీని తట్టుకోవడం కష్టం. గంగమ్మ శ్రీవేంకటేశ్వరస్వామికి చెల్లెలని ఇక్కడి నమ్మిక. జాతర రోజుల్లో తిరుమల తిరుపతి దేవస్థానం నుంచి పసుపు, కుంకుమ, చీరలతో సారె వస్తుంది. కొండకు వెళ్లేవారు ముందు గంగమ్మను చూసి వెళ్లడం పాత అలవాటు, మీ చెల్లెలికి ఆ వరుస చెప్పండి. దర్శనం టికెట్టు మాత్రం వేషాల రోజుకు ముందో తర్వాతో ఉండేలా తీసుకోమనండి, రెండూ ఒకే రోజు పెట్టుకుంటే ఏదీ సరిగా చూడలేరు.

ప్రశ్న: చిత్తూరువారు వేషం వేయాలంటే తిరుపతికే రావాలా?
— ఒక పాఠకుడు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: అక్కరలేదు. మీ ఊరి నడివీధి గంగమ్మ జాతర ఉంది, కుప్పంలో, పుంగనూరులో కూడా గంగ జాతరలున్నాయి. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతర జమీందారుల ప్యాలెస్‌లో జరుగుతుంది. తిరుపతిలో ఉన్నట్టు రోజుకొక వేషం అనే వరుస మిగతా ఊళ్లలో అలాగే ఉండదు కనుక, ఏ అమ్మవారికి మొక్కుకున్నారో ఆ ఊరి పద్ధతిని అక్కడి పూజారిని అడిగి తెలుసుకోండి. తాతయ్యగుంట గంగమ్మకే మొక్కి ఉంటే మాత్రం తిరుపతికే రావాలి. రెల్లకాయల దండలను ముందురోజు సాయంత్రమే కొనిపెట్టుకుంటే మంచిది. జాతర పొద్దున గుడి దగ్గర వాటి ధర రెట్టింపవుతుంది.